వాల్వ్ పక్కన నెలవంక

2 నవంబర్ 2025, ఆదివారం

గెలిచాడు! నా రిజ్వాన్ గెలిచాడు!

ఆయిల్ కంపెనీ వాళ్లు ఇచ్చిన ఈ డైరీ జనవరి నుంచి నా టైర్ల షాపులో ఖాళీగా పడి ఉంది. ఇవాళ రాయకపోతే ఛాతీ పగిలేట్టుంది. ఏడో తరగతి చదువు, అక్షరాలు వంకర్లు పోతున్నాయి. పోనీ. చదివేది నేనొక్కణ్ణే కదా.

మా అశ్వారావుపేటలోనే రేస్. పామాయిల్ తోటల వెనక మట్టి ట్రాక్. మలుపుల దగ్గర ఎవరైనా పడితే దెబ్బ తగలకుండా, గెలలు ఒలిచిన పీచును మూటలు కట్టి పేర్చారు. పద్నాలుగు బండ్లు. అందరికన్నా వయసున్నవాడు నా కొడుకే, ముప్పై రెండు. కిందటి ఏడు ఇదే ట్రాక్‌లో చైన్ తెగి పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఈ ఏడు సరిగ్గా అదే మలుపులో నలుగురిని దాటేశాడు! వెనక టైర్ మట్టిని పట్టి వదులుతుంటే, పట్టి వదులుతుంటే, గట్టు మీద నిలబడ్డ నా వేళ్లకు తెలిసింది.

తెలియదా మరి? ఆ టైర్ ఎంచింది నేను, కోసింది నేను. రెండు రోజుల ముందు ట్రాకంతా చెప్పుల్లేకుండా నడిచాను. వానలు పోయినా మట్టి ఇంకా వదులుగానే ఉంది, మడమ దిగుతోంది. అందుకే బటన్లు, అదే టైర్ మీద లేచి ఉండే రబ్బరు దిమ్మలు, ఎత్తుగా ఎడం ఎడంగా ఉన్న టైర్ తీశాను. మట్టిని ఇంకా బాగా పట్టాలని, కత్తి కాల్చి ఒక్కో బటన్ మీద ఒక్కో సన్న గీత. నూరుకు పైనే ఉంటాయి బటన్లు. రెండు రోజులు పట్టింది. పట్టనీ!

కప్పు ఇచ్చాక యూట్యూబ్ ఛానల్ అమ్మాయి మధులత మైకు పెట్టింది. "రిజ్వానన్నా, ఈ గెలుపు ఎవరిది?" అని.

"బండి నాది, ఎనక టైర్ మా అబ్బది. ఆయన కోసిండంటె మట్టి చెప్పినట్టు ఇనాల్సిందే" అన్నాడు నా కొడుకు.

మట్టి వినాల్సిందేనట! అంతమందిలో!

ప్రేమ్‌సాగర్ కూడా ఉన్నాడు. ఖమ్మంలో బండి సామాన్ల దుకాణం ఆయనది. రిజ్వాన్‌కు హెల్మెట్, జాకెట్, సామాను అన్నీ ఆయనే చూస్తాడు. నా రెండు చేతులూ పట్టుకుని "చాచా, ఈ చేతులకు బంగారు కడియాలు తొడగాలె" అన్నాడు.

ఇంట్లో నా భార్య షహజాది కళ్లు తుడుచుకుంటూ సేమియా చేసింది. బీడీ మానేసిన ఇన్నేళ్లకు ఒకటి తాగాలనిపించింది, తాగలేదు. చాలా సంతోషంగా ఉంది.

4 నవంబర్

వీడియో పదకొండోసారి చూశాను. "మా అబ్బది" అన్నప్పుడు వాడు నేల చూస్తున్నాడు. సిగ్గు. చిన్నప్పటి నుంచీ అంతే.

6 నవంబర్

పొద్దున రిజ్వాన్ బజారుకు పోతే బండి నేనే కడిగాను. గెలిచిన బండిని కడగడం కూడా ఒక భాగ్యమే. ముందు చక్రం, ఇంజన్, తర్వాత వెనక టైర్. పైపు పెట్టి మట్టి వదిలిస్తే బటన్ల మీద కోతలు బయటపడ్డాయి. ఎంత తిన్నగా ఉన్నాయో! అచ్చులో పోసినట్టు. అరవై ఎనిమిదేళ్ల చెయ్యి ఇంత తిన్నగా కోసిందా అని మురిసిపోయాను.

తర్వాత వాల్వ్ పక్కన తుడిచాను. అక్కడ నా నెలవంక లేదు.

నేను పని నేర్చుకున్నది ఖమ్మంలో, అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే రీట్రెడింగ్ షాపులో. అక్కడి ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు. "చెయ్యి పెట్టిన ప్రతి టైర్ మీద నీ గుర్తు కాల్చాలె. మంచిగ నడిస్తె ఎవ్వడూ గుర్తు చూడడు. పగిలితె మాత్రం అందరూ చూస్తరు. గప్పుడు తప్పు నాది గాదని అనకుండ ఉండనీకె గుర్తు." అప్పటి నుంచి వాల్వ్ పక్కన, రిమ్ముకు వేలెడు పైన, మిరపగింజంత నెలవంక. వేల టైర్లు. ఒక్కటీ మరవలేదు.

రెండు వైపులా చూశాను. అద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాను.

7 నవంబర్

రేస్ వేడికి మూసుకుపోయి ఉంటుంది. రబ్బరు వేడెక్కితే సాగుతుంది కదా.

8 నవంబర్

నలభై ఆరేళ్లలో ఒక్క గుర్తు కూడా మూసుకుపోలేదు.

10 నవంబర్

తినేటప్పుడు ఊరికే అడిగాను. "బేటా, బండికి ఉన్నది ఆ టైరేనా?"

"ఏ టైర్?"

"రేస్‌ది."

"అదే అబ్బా. ఇంకేముంటది?" అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, "కత్తిలెక్క పట్టింది" అన్నాడు.

నేను ఇంకేదో అనబోయేలోపే షహజాది, "రిజ్వాన్ అబ్బా, పప్పు ఎయ్యనా? చల్లారిపోతుంది" అంది. నా పళ్లెంలో పప్పు ఉంది. మళ్లీ వేసింది.

అదే టైర్. వాడే అన్నాడు కదా. కొడుకు మాట కన్నా మిరపగింజంత గుర్తు ఎక్కువా! నేనూ ముసలాణ్ణి అవుతున్నాను, అనుమానాలు.

13 నవంబర్

ఇవాళ సత్తుపల్లి పోయాను. పిచ్చయ్యను చూసి చాలా రోజులైంది, అందుకే. వేరే పని లేదు.

పిచ్చయ్య అంటే నాకు తోడబుట్టినవాడి కింద లెక్క. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్లకు టైర్లు మార్చి మార్చి రిటైరయ్యాడు. మనిషంత ఎత్తు టైర్లు. మా ఇద్దరికీ రబ్బరు వాసన మీదే దోస్తీ. ముప్పై ఏళ్లుగా చెప్పకుండా పోతాను, చెప్పకుండా వస్తాడు.

ఆయన లేడు. భార్య రామక్క పెరట్లో నూకలు చల్లుతోంది. "రా అన్నా, కూసో, చాయ్ పెడత" అని, నేను కూర్చునేలోపే నవ్వింది. "నీ పేరు జెప్పుకోని నా కోళ్లు హాయిగున్నయన్నా. నీ టైర్లల్ల గడ్డేస్తె మంచిగ పొదుగుతున్నయ్. ఇంకో పెట్ట పొదుగుకు రానుంది, ఇంకోటుంటె పంపియ్."

గోడ పక్కన వరసగా పెట్టి ఉన్నాయి. బటన్ టైర్లు. లోపల గడ్డి, గడ్డిలో కోళ్లు. ఒక్కోటి వంగి చూశాను. వాల్వ్ చోటు పక్కన నెలవంక. దాని పక్కది, నెలవంక. దాని పక్కది. ఐదు టైర్లు. నా కోతలు. మట్టి అంటని బటన్లు. రిజ్వాన్ భుజం బాగై మళ్లీ బండెక్కాక ఆడింది ఐదు రేసులు.

చివర ఇంకొకటి ఉంది, ఖాళీగా. అది మాత్రం వాడినది. ఆరు బటన్లు వేర్లతో పీకినట్టు ఊడిపోయి, రబ్బరు లోపలి నూలు తేలి ఉంది.

"దాంట్ల కోడి కూసోదన్నా, దారాలు కాళ్లకు జుట్టుకుంటయ్" అంది రామక్క. "బాబు పడ్డప్పటిది గదా. పారెయ్యమంటె మా ఆయన ఇనడు."

వేలు పెట్టి చూశాను. కోత బటన్ మీద ఆగలేదు. అడుగుదాకా పోయింది. నూలుదాకా పోయింది. ఒకటి కాదు, వరసగా ఆరు. వాల్వ్ పక్కన నా నెలవంక చక్కగా ఉంది.

చైన్ తెగలేదు.

అప్పుడే పిచ్చయ్య వచ్చాడు. నా చేతిలో టైర్ చూశాడు. "ఏంది భాయ్, ఫోన్ గూడ జెయ్యకుండ వచ్చినవ్?" అన్నాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ మాట.

"ఇవన్నీ ఎవరు తెచ్చిండ్రు?"

"నీ కొడుకే."

"మరి బండికి ఏసేది?"

"ప్రేమ్‌సాగర్ ఇస్తడు. కంపెనీవి. కోతలు గూడ కంపెనీల్నే పడి వస్తయంట." నా చేతిలోంచి టైర్ తీసుకుని గోడకు ఆనించాడు. "నీకు జెప్తనని నేను మూడుసార్లు బస్సెక్కిన భాయ్. నువ్వేమో దూరంకెల్లే 'చూసినవా పిచ్చయ్యా, నా కోత' అని ఉరికొస్తివి. ఏమని జెప్పాలె?"

"షహజాదికి ఎరుకేనా?"

పిచ్చయ్య వంగి, బాగానే కూర్చున్న కోడిని లేపి మళ్లీ కూర్చోబెట్టాడు. తర్వాత అన్నాడు, "కత్తి ఇడిపిస్తె నువ్వు బతకవని ఆమెనే ఏడ్సింది."

చాయ్ తాగలేదు. రామక్క ఒక్కతే ఏమీ తెలియకుండా, "ఏమాయె అన్నా, చక్కెర తక్కువైందా?" అని అడుగుతూనే ఉంది.

14 నవంబర్

జుమ్మా నమాజుకు పోయాను. వచ్చాను.

16 నవంబర్

పాత టైర్ ముక్క మీద కోసి చూశాను. పది గీతల్లో మూడు లోతుకు పోయాయి. చలికి.

17 నవంబర్

చలి లేదు. ఎండలో కూర్చునే కోశాను.

19 నవంబర్

నా కోతకు నా కొడుకు ఎముక విరిగింది. ఆ మాట నా ముఖం మీద అని, "నువ్వే జేసినవ్ అబ్బా" అని ఒక్కసారి తిట్టి ఉంటే! కత్తి లాక్కుని రోడ్డు మీద పారేసి ఉంటే! ఏడుద్దును, ఊరుకుందును. అది నా తప్పు, నాకు చెందాల్సింది. అందరూ కలిసి దాన్ని నా దగ్గర్నుంచి తీసి కోళ్లకు పరిచారు.

ఐదుసార్లు గెలుపోటములు నావే అనుకున్నాను. ఐదుసార్లు "కత్తిలెక్క పట్టింది" అన్నాడు. మైకులో చెప్పాడు. నేను హోటల్ దగ్గర ఎంతమందికి చూపించాను ఆ వీడియో! వాళ్లకూ తెలుసా? చాయ్ పోసేవాడికి కూడా తెలుసా?

వీడియో తీసేద్దామని ఫోన్ పట్టుకున్నాను. ఇంకోసారి చూసి పెట్టేశాను.

22 నవంబర్, శనివారం

ముదిగొండ పోయి వచ్చాం, నేనూ రిజ్వాన్. ముప్పయ్యో తారీఖు అక్కడ ఆఖరి రేస్. మొదటి ముగ్గురిని పుణెలో పెద్ద రేస్‌కు పంపిస్తారు. పుణె! వాడికి ఇదే ఆఖరి అవకాశం, వయసు దాటుతోంది. వాడు చెప్పలేదు, నాకు తెలుసు.

అలవాటు ఊరుకోదు. చెప్పులు విప్పి నడిచాను. ఎర్రమట్టిలో నల్లరేగడి కలిసిన నేల. గుప్పెడు తీసి నీళ్లు పోసి పిసికితే తాడులాగా సాగింది. కొంచెం ఎండలో పెట్టి, అరగంటకు గోరుతో గీస్తే గీత పడలేదు.

"బేటా, మంచిగ ఇను" అన్నాను. "ట్యాంకర్ తోటి నీళ్లు కొడతరు, పొద్దటి రేసులకు మెత్తగుంటది. ఆఖరి రేస్ మూడింటికి గదా, గప్పటికి నాపరాయి అయితది. ఎత్తు బటన్లేస్తె వంగుతయ్, జారుతయ్. దగ్గర దగ్గర పొట్టి బటన్లుండాలె, రబ్బరు మెత్తగుండాలె. బొటనవేలితోటి నొక్కితె దిగాలె."

"అవ్ అబ్బా" అన్నాడు ఫోన్ చూస్తూ.

వాడు బాగు చేయించుకున్న భుజం ఇంకా కొంచెం కిందికే ఉంటుంది. ఇవాళే గమనించాను. ఏడాదిగా నా ఎదురుగానే ఉంది.

23 నవంబర్

చెప్పినట్టు పొట్టి బటన్ల టైర్ తెచ్చి ఇచ్చాడు. "కోసియ్యి అబ్బా" అన్నాడు. ఎంత బాగా అన్నాడు! గొంతులో ఏ తేడా లేదు. షహజాది కత్తి, పొయ్యి తెచ్చి ముందు పెట్టింది. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

27 నవంబర్

కోయలేదు. ఈ టైర్‌కు కోత అక్కర్లేదు. ముదిగొండ నేలకు ఇది ఎలా ఉందో అలాగే సరిపోతుంది, ఎంచుకోవడమే పని. నా చేతికి వణుకు వచ్చిందేమో గాని కాలికి మట్టి తెలియకుండా పోలేదు. గుర్తు కూడా కాల్చలేదు.

గోనెసంచిలో పెట్టి నీలం దారంతో ఉస్తాద్ నేర్పిన ముడి వేశాను. ఆ ముడి విప్పితే మళ్లీ అలా వేయడం వాళ్లకు రాదు.

ఇది పరీక్ష కాదు. అలా ఎవరైనా అనుకుంటే అది తప్పు.

28 నవంబర్

సంచి ఇచ్చాను. చేత్తో బరువు చూసి, "జబర్దస్త్ కోసినవ్ అబ్బా" అన్నాడు.

30 నవంబర్, ఆదివారం

అన్నీ రాయాలి. వరసగా రాస్తాను.

పొద్దున పది గంటలకు చేరాం. రిజ్వాన్ బండి ప్రేమ్‌సాగర్ వ్యాన్‌లో వచ్చింది. వెనక చక్రం మీద తడి గోనెపట్టా కప్పి ఉంది. "ఎండకు రబ్బరు కాలకుండ అబ్బా" అన్నాడు అడగకుండానే. వ్యాన్‌లో సీటు కింద నా సంచి ఉంది. నీలం దారం, నా ముడి.

నేల తడిగా ఉంది. పొద్దటి రేసుల్లో అందరికన్నా ముందొచ్చాడు. మధులత "అశ్వారావుపేట పులి" అని అరుస్తోంది. నేను చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టనూ, కొడుకు కదా!

రెండున్నరకు గట్టు దిగి ట్రాక్ మీద కాలు పెట్టాను. కాలింది. మడమతో తన్నితే టంగుమంది. నల్లగా నిగనిగలాడుతోంది మలుపంతా. వ్యాన్ దగ్గరికి ఉరికినంత పని చేశాను.

"బేటా, నేల మారింది. పొద్దటి నేల గాదిది."

"అవ్ అబ్బా."

"దగ్గర బటన్లు ఉండాలె."

రిజ్వాన్ ఆ గోనెపట్టా మీద చెయ్యి వేశాడు. "నీదే ఉంది గదా దీని మీద."

"నాదే ఉందా?"

"నీదే."

ప్రేమ్‌సాగర్ మధ్యలో వచ్చి, "చాచా, నీ టైరే, ఫికర్ జెయ్యకు. పొయ్యి నీడకు కూసో, కొబ్బరి బొండం పంపిస్త" అన్నాడు.

అప్పుడు రిజ్వాన్ ఒక్కసారి వ్యాన్ సీటు కిందికి చూశాడు. నేల మారిందని వాడికీ తెలుసు. పొద్దటి నుంచి దాని మీద తిరుగుతున్నవాడికి తెలియదా? మార్చడానికి అరగంట ఉంది. కానీ మార్చాలంటే పట్టా తీయాలి. నా ఎదురుగా తీయాలి.

నాకూ ఒక్క మాట చాలు. "సంచి విప్పు బేటా." అంతే. నోటిదాకా వచ్చింది. వాడే విప్పాలని నిలబడ్డాను. వాడు నేను పోవాలని నిలబడ్డాడు.

నేనే పోయాను. నీడకు కాదు, గట్టు మీదికి.

ఆరు చుట్లు. నాలుగు చుట్లు మొదటివాడే. ఐదో చుట్టులో వెనక చక్రం తోక ఊపడం మొదలుపెట్టింది. ఎత్తు బటన్లు వంగుతున్నాయి, నేలను పట్టడం లేదు, ఇంత దూరం నుంచి కనిపిస్తోంది. ఆఖరి మలుపులో బండి అడ్డం తిరిగింది. పడలేదు. అల్లా దయ, పడలేదు. కాలు ఆనించి నిలదొక్కుకునేలోపు ఒకటి, రెండు, మూడు, నాలుగు బండ్లు పోయాయి. రిజ్వాన్ ఐదోవాడు.

జనం మూగారు. మధులత మైకు ప్రేమ్‌సాగర్ ముందు పెట్టింది. "పొద్దున అంత బాగా పోయింది, ఆఖర్లో ఎందుకు జారింది సార్?"

ప్రేమ్‌సాగర్ చుట్టూ చూశాడు. ఆయన దుకాణంలో కొనేవాళ్లంతా అక్కడే ఉన్నారు. "మా కంపెనీ టైర్ అయితె జారకపోతుండె" అన్నాడు. "పెద్దాయన మనసు నొప్పియ్యద్దని చాచా కోసిన టైర్ ఏసినం. వయసు మీద పడ్డది గదా, కోత ఎక్కువ తక్కువైంది."

నేను రిజ్వాన్ వైపు చూశాను. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. వీడియోలో చూసినట్టే నేల చూస్తున్నాడు.

ఒక మాట అంటాడని ఆగాను.

"చాచా, నిజమేనా?" మైకు నా ముందుకు వచ్చింది. పాపం ఆ పిల్ల మెల్లగానే అడిగింది.

సంచి పది అడుగుల దూరంలో ఉంది. ముడి విప్పి చూపిస్తే చాలు. ప్రేమ్‌సాగర్ పరువు, రిజ్వాన్ పరువు, రెండూ అక్కడే ఆ మట్టిలో.

"అవ్ బిడ్డా" అన్నాను. "నా చెయ్యే. తప్పు నాదే."

రిజ్వాన్ తల ఎత్తాడు. నేను నవ్వుతున్నాను. మంచిగా నవ్వాను.

1 డిసెంబర్

పొద్దున షాపు తెరిచాను. సంచి మూలకు ఉంది, సత్తుపల్లి పంపడానికి పెట్టినట్టున్నారు. ముడి విప్పాను. టైర్ ఒళ్లో పెట్టుకుని పొయ్యి ముట్టించాను. గుర్తు వేసే చువ్వ ఎర్రగా కాలుతుంటే షహజాది చాయ్ తెచ్చింది. గ్లాసు కింద పెట్టి బటన్ల మీద చెయ్యి వేసింది. ఒక వరస తడిమింది. ఇంకో వరస తడిమింది. ఒక్క కోత లేదు.

నా ముఖం చూసింది. "ఎప్పటి సంది ఎరుక నీకు?" అంది.

"కోళ్లను చూసినప్పటి సంది."

కొంగు నోటికి పెట్టుకుంది. అప్పుడే రిజ్వాన్ సంచి కోసం లోపలికి వచ్చాడు. టైర్ చూశాడు. కొత్త టైర్, అచ్చు పోసినప్పటి వెంట్రుకల్లాంటి రబ్బరు నూగు కూడా పోలేదు. వాడు అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు.

"దీనికి కోత అక్కర్లే" అన్నాను. "ఎక్కిస్తె చాలు, ముదిగొండల."

"అబ్బా…"

"చెయ్యి వణుకుతుంది, పట్టుకో."

పట్టుకున్నాడు. టైర్ కదలకుండా రెండు చేతులతో అదిమాడు. వాల్వ్ చోటు పక్కన, వేలెడు పైన, చువ్వ ఆనించాను. పొగ, రబ్బరు వాసన. మిరపగింజంత నెలవంక, ఎక్కడా చెదరలేదు. నిన్న అంతమందిలో ఒప్పుకున్న టైర్, గుర్తు లేకుండా ఎట్లా?

చల్లారాక సంచిలో పెట్టాను. ఈసారి ముడి వేయలేదు. వాడి చేతికి ఇచ్చాను.

"జల్దీ తీస్కపో" అన్నాను. "రామక్క పెట్ట పొదుగుకు వచ్చి ఉంటది."